విన్నావు సరే, విచారించావా?

(రేడియో ప్రసంగ పాఠం. వాక్యభాగం: యెహోషువ 22:9–34)

  మీ దగ్గర బైబిలు ఉంటే యెహోషువ గ్రంథము ఇరవై రెండవ అధ్యాయము తెరచి పెట్టుకోండి. ఇది సాధారణంగా మనం ప్రసంగాలలో ఎక్కువగా వినే భాగం కాదు. కానీ ఈ దినాలలో మనకు ఎంతో అవసరమైన భాగం.

సంగతి ఏమిటంటే, కనానులో యుద్ధాలు ముగిశాయి. రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రపువారు యొర్దాను అవతల తమకు దొరికిన స్వాస్థ్యానికి తిరిగి వెళుతున్నారు. వెళుతూ వెళుతూ యొర్దాను దగ్గర ఒక పెద్ద బలిపీఠం కట్టారు. ఆ కబురు ఇవతలి గోత్రాలకు చేరింది. వినగానే వారు ఏమనుకున్నారు? వీరు దేవునికి వెన్ను చూపించారు, సొంత బలిపీఠం కట్టుకుని తిరుగుబాటు చేశారు అనుకున్నారు. వెంటనే సమాజమంతా షిలోహులో కూడింది. ఎందుకు కూడిందో పన్నెండవ వచనంలో చూడండి. తమ సహోదరుల మీద యుద్ధానికి వెళ్ళడానికి కూడింది.

ప్రియులారా, ఒక విషయం గమనించండి. వారు విన్న కబురు అబద్ధం కాదు. బలిపీఠం నిజంగానే ఉంది. పెద్దదే. వెళ్ళి చూసినా కనిపిస్తుంది. అబద్ధం ఎక్కడుంది? దానికి వారు చెప్పుకున్న అర్థంలో ఉంది. కంటికి కనబడింది ఒకటి, మనసు దానికి అంటగట్టింది మరొకటి.

ఇప్పుడు మిమ్మల్ని ఇంగ్లాండు దేశానికి తీసుకువెళతాను. అక్కడ సౌత్‌పోర్ట్ అని సముద్రపు ఒడ్డున ఒక ఊరు ఉంది. 2024 జులై 29వ తేదీన, వేసవి సెలవుల్లో చిన్నపిల్లలు డాన్సు నేర్చుకుంటున్న చోటికి ఒక పదిహేడేళ్ళ కుర్రవాడు కత్తితో వచ్చాడు. ఆరేళ్ళ పాప, ఏడేళ్ళ పాప, తొమ్మిదేళ్ళ పాప, ముగ్గురు బిడ్డలు చనిపోయారు. ఇంకా ఎనిమిదిమంది పిల్లలు, ఇద్దరు పెద్దవారు గాయపడ్డారు. బిడ్డలున్న మనకు ఆ తల్లిదండ్రుల దుఃఖం వేరే చెప్పనక్కరలేదు.

నిందితుడు మైనరు గనుక పోలీసులు పేరు బయటపెట్టలేదు. ఆ ఖాళీలోకి ఒక వదంతి దూరింది. ఎవరో ఒక పేరు పుట్టించారు. వాడు ముస్లిం అన్నారు, ఏడాది క్రితమే పడవలో దేశంలోకి దొంగతనంగా వచ్చాడు అన్నారు. కొన్ని గంటల్లో లక్షలమంది దాన్ని చదివారు. మరునాడు సాయంత్రం, ఊరివారు ఆ బిడ్డల కోసం పువ్వులు పెట్టి కన్నీరు కార్చి వెళ్ళిన తరువాత, ఒక గుంపు అక్కడి మసీదు మీద పడింది. ఇటుకలు, సీసాలు విసిరారు. పోలీసు వ్యాను తగలబెట్టారు. యాభైమందికి పైగా పోలీసులు దెబ్బలు తిన్నారు. లోపల ఇమాము, ఇంకా కొందరు చిక్కుకుపోయారు. ఆ మసీదు ఉన్న వీధి పేరేమిటో తెలుసా? సెయింట్ లూక్స్ రోడ్. అంటే లూకా వీధి. మంచి సమరయుని ఉపమానాన్ని మనకు అందించిన లూకా పేరు మీద ఉన్న వీధిలో, పొరుగువాడెవడో తెలియని జనం రాళ్ళు పట్టుకుని నిలబడ్డారు.

మరి నిజం ఏమిటి? ఆ కుర్రవాడు వేల్స్‌లోని కార్డిఫ్‌లో పుట్టినవాడు. తల్లిదండ్రులు రువాండా దేశం నుండి వచ్చినవారు. పడవలో వచ్చిన ముస్లిం అన్నది కల్పన. ఉగ్రవాదులు వాడే ఒక శిక్షణ పుస్తకం అతని దగ్గర దొరికిన మాట నిజమే, దానికీ అతనిని దోషిగా తేల్చారు. కానీ ఏ మతమో, ఏ రాజకీయ సిద్ధాంతమో అతన్ని నడిపించినట్లు విచారణలో తేలలేదు. హింస మీద, చావుల మీద పిచ్చి పట్టినవాడని తేలింది. 2025 జనవరిలో అతనికి జీవితఖైదు పడింది, కనీసం 52 ఏళ్ళు లోపల ఉండాలి. కానీ ఆ నిజం రాకముందే మంటలు అనేక ఊళ్ళకు పాకాయి. రోదరమ్ దగ్గర శరణార్థులున్న హోటలును, లోపల మనుష్యులుండగానే, తగలబెట్టబోయారు.

ఇక్కడ నేను మీ ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ వదంతి నా దగ్గరకు కూడా వచ్చింది. మా సంఘంలో ఒక సహోదరి కూతురు ఇంగ్లాండులో నర్సుగా పనిచేస్తోంది. అందుచేత ఆ దేశపు వార్త అంటే మాకందరికీ ఆతురత. ఎవరో ఫోనులో పంపిన ఆ సందేశాన్ని నేను శుక్రవారం ఉపవాస ప్రార్థనలో చదివి వినిపించాను. ఎలా చదివాను? ప్రార్థనాంశంగా చదివాను. “చూడండి, ఆ దేశంలో ముస్లింలు చిన్నబిడ్డలను కూడా విడిచిపెట్టడం లేదు, మన బిడ్డల కోసం ప్రార్థన చేయండి” అన్నాను. అందరూ కన్నీళ్ళతో మోకరించారు. నేను అబద్ధం చెప్పానని నాకు అనిపించలేదు. భారంతో ఉన్నాననుకున్నాను.

రెండు రోజులకు ఆ అమ్మాయి దగ్గర నుండి ఫోను వచ్చింది. “అయ్యగారూ, మీరు ప్రార్థనలో ఆ సంగతి చదివారని మా అమ్మ చెప్పింది. అది నిజం కాదండి. ఇక్కడ పేపర్లలో వేశారు. ఆ అబద్ధం నమ్మిన వాళ్ళే ఇప్పుడు వీధుల్లో తిరుగుతున్నారు. రాత్రి డ్యూటీ దిగి బస్సెక్కాలంటే మాకు భయంగా ఉంది. వాళ్ళు నన్ను ఆపి నువ్వు ఏ గుడికి వెళతావని అడుగుతారా అయ్యగారూ? రంగు చూస్తారు, అంతే” అంది.

నాకు నోట మాట రాలేదు. ఆ బిడ్డ క్షేమం కోసమని నేను చదివిన మాటే ఆ బిడ్డను భయపెడుతోంది. నేను ఇంగ్లాండులో రాయి విసరలేదు. కానీ విసిరిన చేతులను నడిపించిన మాటనే, ఇక్కడ, దేవుని సన్నిధిలో, మోకాళ్ళ మీద ఉండి పలికాను. పది ఆజ్ఞలలో తొమ్మిదవది పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకడం గురించి. ప్రార్థనలో పలికితే అది అబద్ధ సాక్ష్యం కాకుండా పోతుందా?

తరువాతి ఆదివారం సంఘం ముందు నిలబడి, నేను చదివింది తప్పు అని చెప్పాను. ఆరాధన అయిన తరువాత ఒక పెద్దాయన దగ్గరకు వచ్చి, “అయ్యగారూ, అది కాకపోతే వాళ్ళు ఇంకొకటి చేశారు కదా, దీనికంత బాధెందుకు?” అన్నారు. మంచివాడే, ప్రార్థనాపరుడే. అయినా ఆ మాట వారం రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే ద్వేషం మనలో ఇల్లు కట్టుకుందనడానికి గుర్తు అదే. ఇది నిజమా అబద్ధమా అన్న ప్రశ్నకే ఇక విలువ లేకుండా పోతుంది.

ఆయన మాటలో ఒక భాగం నేను కొట్టివేయను. భయం ఊరికే పుట్టలేదు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో, వాషింగ్టన్ దగ్గర, పెన్సిల్వేనియాలో దాదాపు మూడువేలమంది ఇస్లాం పేరు చెప్పుకున్న ఉగ్రవాదుల చేతిలో చనిపోయారు. 2005 జులై 7న లండను రైళ్ళలో, బస్సులో 52 మంది చనిపోయారు. 2016 జులై 26న ఫ్రాన్సులో ఫాదర్ జాక్ హామెల్ అనే 85 ఏళ్ళ దైవసేవకుణ్ణి, ఆయన ఆరాధన జరిపిస్తుండగానే, చర్చిలో గొంతు కోసి చంపారు. ఇవన్నీ జరిగినవే. వీటిని జరగలేదన్నవాడు కూడా అబద్ధ సాక్షియే.

అయితే ఫాదర్ హామెల్ కథ అక్కడితో ఆగలేదు. ఆ తరువాతి ఆదివారం ఫ్రాన్సు అంతటా ముస్లింలు చర్చిలకు వచ్చారు. రూయెన్ పట్టణపు కథీడ్రల్‌లో క్రైస్తవుల ప్రక్కన కూర్చుని వారి దుఃఖంలో పాలుపంచుకున్నారు. చంపిన ఇద్దరి పేర్లలో మనం ఒక మతాన్నంతా చూస్తాం. మరి వచ్చి ఏడ్చిన వందలమందిలో ఎందుకు చూడం?

చేసినవాడు ఒకడైతే నింద ఎంతమంది మీద పడుతుందో చూడండి. అమెరికాలో ముస్లింలని ద్వేషించి చేసిన నేరాలుగా వారి కేంద్ర పోలీసు శాఖ ఎఫ్‌బీఐ 2000 సంవత్సరంలో లెక్కలో వేసినవి 28. మరుసటి ఏడు అవి 481. సెప్టెంబరు 17న, అంటే దాడి జరిగిన ఆరు రోజులకే, అప్పటి అధ్యక్షుడు జార్జ్ బుష్ స్వయంగా వాషింగ్టన్‌లోని ఇస్లామిక్ కేంద్రానికి వెళ్ళి, ముస్లిం పొరుగువారిని బెదిరించవద్దని జనానికి చెప్పవలసి వచ్చింది. అప్పటికే రెండు రోజుల క్రితం అరిజోనాలో బల్బీర్ సింగ్ సోధీ అనే పెట్రోలు బంకు యజమానిని కాల్చి చంపారు. ఆయన ముస్లిం కాదు, సిక్కు. తలపాగా, గడ్డం చూసి చంపారు.

మన తెలుగువారి సంగతి మరచిపోయారా? 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఓలేత్‌లో, పని ముగించుకుని స్నేహితుడితో కూర్చున్న శ్రీనివాస్ కూచిభొట్ల అనే హైదరాబాదు ఇంజనీరును ఒకడు కాల్చి చంపాడు. ఓరుగల్లువాడైన ఆ స్నేహితుడు గాయపడ్డాడు. కాల్చినవాడు పారిపోయి, తాను ఇద్దరు ఇరానీయులను చంపానని వేరే ఊరిలో ఒకరితో చెప్పుకున్నాడు. శ్రీనివాస్ హిందువు, తెలుగువాడు. ఆ రాత్రి తుపాకీ గుండును ఆపడానికి ఆ వివరాలేవీ పనికిరాలేదు. కాబట్టి ప్రియులారా, ఆ దేశాలలో ముస్లింల మీద వాళ్ళు పెంచుకునే ద్వేషం ముస్లింల ఇంటితోనే ఆగుతుంది, మన బిడ్డలకేమీ కాదు అని ఎవరూ ధైర్యంగా ఉండవద్దు. ఆపకపోయినా ఫరవాలేదు, మనవాడు కాదుగా అనుకోవడం అంతకన్నా పాపం.

తిరిగి వాక్యానికి వద్దాం. స్విట్జర్లాండు దేశంలో 2009 నవంబరు 29న ఒక ఓటింగు జరిగింది. మసీదులకు మీనారులు కట్టవచ్చా, వద్దా? వద్దని 57.5 శాతం ఓటు వేశారు. అప్పటికి ఆ దేశం మొత్తం మీద ఉన్న మీనారులు ఎన్ని? నాలుగు. నాలుగు గోపురాలను చూసి ఒక దేశం భయపడింది. యొర్దాను దగ్గర బలిపీఠం వంటిదే ఇది కూడా. కట్టడం ఒకటి కనబడింది, అది మమ్మల్ని జయించడానికి గుర్తు అని అర్థం చెప్పుకున్నారు. అక్కడి కాథలిక్ బిషప్పులు, ప్రొటెస్టెంటు సంఘాల సమాఖ్య ఆ నిషేధం వద్దని ముందే చెప్పారు. కానీ జనం వినలేదు.

షిలోహులో కూడినవారు మాత్రం ఒక మంచిపని చేశారు. కత్తులు దూయడానికి ముందు మనుష్యులను పంపారు. యాజకుడైన ఎలియాజరు కుమారుడు ఫీనెహాసును, అతనితో గోత్రానికి ఒకరు చొప్పున పదిమంది ప్రధానులను పంపారు. ఫీనెహాసు ఎవరో మీకు గుర్తుందా? సంఖ్యాకాండము ఇరవై ఐదులో పాపం కళ్ళపడగానే ఈటె తీసుకుని వెళ్ళినవాడు. అంత రోషం గలవాడు ఈసారి ఈటె పట్టుకుని వెళ్ళలేదు, ప్రశ్న పట్టుకుని వెళ్ళాడు. రోషం ఉన్నవాడు కూడా విచారించవచ్చు సహోదరులారా. విచారించడం విశ్వాసం తక్కువైనవాని పని కాదు.

అవతలివారు ఏమి జవాబిచ్చారు? రేపు మీ పిల్లలు మా పిల్లలను చూసి, మధ్యలో యొర్దాను ఉంది గనుక యెహోవాలో మీకు భాగం లేదు అంటారేమోనని భయపడి కట్టాము, బలులు అర్పించడానికి కాదు, మీకును మాకును మధ్య సాక్షిగా ఉండడానికి కట్టాము అన్నారు. చూశారా! ఇవతలివారు వారిని చూసి భయపడ్డారు. అవతలివారు వీరిని చూసి భయపడ్డారు. మమ్మల్ని బయటివాళ్ళని అంటారేమో, మా పిల్లలను వెళ్ళగొడతారేమో అన్నదే వారి భయం. పాశ్చాత్య దేశాలలో ముసుగు వేసుకుని బడికి వెళ్ళే ముస్లిం పిల్ల మనసులో ఉన్న భయం కూడా ఇదే కదా. అక్కడే పుట్టి, ఆ భాషే మాట్లాడుతూ, నీ దేశానికి పో అనిపించుకునే పిల్ల.

ఆ జవాబు విని ఫీనెహాసు ఏమి చేశాడు? నమ్మాడు. ముప్పై మూడవ వచనం చూడండి, ఇశ్రాయేలీయులు దేవుణ్ణి స్తుతించి, యుద్ధం మాట ఇక ఎత్తలేదు. విచారించడం ఒక మెట్టు. విన్న తరువాత ఒప్పుకోవడం ఇంకొక మెట్టు. మనలో చాలామంది మొదటి మెట్టు ఎక్కుతాం, రెండవదాని దగ్గర ఆగిపోతాం. అడుగుతాం గానీ జవాబు నచ్చకపోతే, పైకి అలాగే అంటారులే అని కొట్టిపారేస్తాం.

మనమే ఒకనాడు ఆ నిందలో ఉన్నామని మరచిపోకండి. క్రీ.శ. 64లో రోము పట్టణం తగలబడినప్పుడు నీరో చక్రవర్తి నింద ఎవరి మీద వేశాడు? కొద్దిమందిగా ఉన్న క్రైస్తవుల మీద. అప్పుడు కూడా వెళ్ళి విచారించినవారు లేరు.

ఇంకొక్క సాక్ష్యం చెప్పి ముగిస్తాను. రయీస్ భుయాన్ అని బంగ్లాదేశ్ నుండి అమెరికా వెళ్ళిన ముస్లిం యువకుడు. 2001 సెప్టెంబరు 21న డల్లాసులో ఒక పెట్రోలు బంకు దుకాణంలో పనిచేస్తుండగా మార్క్ స్ట్రోమన్ అనేవాడు వచ్చి ముఖం మీద తుపాకీతో కాల్చాడు. ప్రాణం దక్కింది గానీ కుడి కంటి చూపు పోయింది. అదే స్ట్రోమన్ మరి ఇద్దరిని చంపాడు. ఒకరు పాకిస్తానీ, ఇంకొకరు మన దేశం నుండి వెళ్ళిన హిందువు. అతనికి మరణశిక్ష పడింది. అప్పుడు రయీస్ ఏమి చేశాడో తెలుసా? తన్ను కాల్చినవాణ్ణి చంపవద్దని కోర్టుకెక్కాడు. ఒక ప్రాణం నిలపడం గొప్ప సంగతి అని తన మతం తనకు నేర్పిందని చెప్పాడు. కోర్టులు ఒప్పుకోలేదు, 2011 జులై 20న శిక్ష అమలైంది. కానీ తనకోసం పోరాడిన ముస్లింను చూసి, చనిపోయేలోగా స్ట్రోమన్ మనసు మెత్తబడింది.

ప్రియులారా, శత్రువులను ప్రేమించుట అనే అంశం మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. ఒంటి కన్నుతో ఆ మనిషి చేసి చూపించాడు. మంచి సమరయుని కథ చెప్పి ప్రభువు ధర్మశాస్త్రోపదేశకుణ్ణి సిగ్గుపరచినట్టు, ఈ మనిషి చేత నన్ను సిగ్గుపరిచాడు.

సౌత్‌పోర్ట్ సంగతి కూడా పూర్తి చేయాలి. ఆ గొడవ మరునాడు ఉదయం చీపుర్లు పట్టుకుని ఊరివారు బయటికి వచ్చారు. తాపీ పనివారు వచ్చి, పడిపోయిన మసీదు గోడను డబ్బు తీసుకోకుండా తిరిగి కట్టారు. విసరబడిన ఇటుకలు మళ్ళీ గోడలో చేరాయి. యొర్దాను ఒడ్డున ఉన్న ఆ బలిపీఠానికి సాక్షి అని పేరు పెట్టారని ఈ అధ్యాయం చివరి వచనం చెబుతుంది. లూకా వీధిలోని ఆ గోడ కూడా ఒక సాక్షియే.

ఈ వారం మిమ్మల్ని మూడు పనులు చేయమని అడుగుతున్నాను. మొదటిది, ఏ జనాన్ని గురించి గానీ చెడు కబురు మీ ఫోనులోకి వస్తే, పంపినవారిని “ఇది మీకెలా తెలుసు?” అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు లేకపోతే అది మీ దగ్గరే ఆగిపోవాలి. రెండవది, ఇదివరకే మీరు చెప్పినది తప్పని తెలిస్తే, ఎవరి ముందు చెప్పారో వారి ముందే దిద్దుకోండి. సంఘంలో చెప్పి ఇంట్లో ఒప్పుకుంటే చాలదు. అది కష్టం, నాకు తెలుసు. మూడవది, విదేశాలలో ఉన్న మీ బిడ్డలతో ఫోనులో మాట్లాడేటప్పుడు, “వాళ్ళతో జాగ్రత్త” అని చెప్పే ముందు, “మీ పక్కింటివారు ఎవరు, వారితో మాట్లాడావా?” అని అడగండి.

ప్రార్థన చేసుకుందాం.

పరిశుద్ధుడవైన తండ్రీ, నీవు ఎడారిలో హాగరు మొర విన్న దేవుడవు, ఇష్మాయేలు ఏడ్పు విన్న దేవుడవు. నీ సన్నిధిలో నిలిచి మేము పలికిన అబద్ధ సాక్ష్యాన్ని క్షమించుము. బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులను ఓదార్చుము. భయంతో తలుపులు వేసుకున్న ఇళ్ళకు, అవి మసీదుకు వెళ్ళేవారివైనా, చర్చికి వెళ్ళేవారివైనా, సమాధానమిమ్ము. విన్నదానిని విచారించే ఓర్పును, నిజాన్ని ఒప్పుకునే ధైర్యాన్ని మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.